కిరాయికొచ్చినవాడు మోసం చేస్తున్నాడని ఎలా తెలుస్తుంది, తెలిశాక ఏం చేయాలి

ముందు ఒకటి తేల్చుకోండి. కిరాయి ఎగ్గొట్టడం వేరు, మోసం వేరు. మూడు నెలల అద్దె రాలేదని స్టేషన్‌కి వెళ్తే "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్ళండి" అని పంపించేస్తారు, వాళ్ళు చెప్పేది కరెక్టే కూడా. దొంగ సంతకం, దొంగ ఆధార్, మీ ఇల్లు చూపించి ఇంకొకరి దగ్గర డబ్బు గుంజడం, ఇవి పోలీసులు తీసుకోవాల్సిన కేసులు. చాలామంది ఈ రెండూ కలిపి రాసి, ఆ కంప్లైంట్‌ని చేజేతులా సివిల్ చేసేసుకుంటారు.

ఇంట్లో తెలియని మనుషులు ఉంటున్నారు, అద్దె మాత్రం ఠంచనుగా పడుతోంది

ఇది మాకే జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. హైదరాబాద్‌లో అమ్మ పేరున చిన్న ఇల్లుంది, అమ్మ ఉండేది నా దగ్గర. పై పోర్షన్ ఒకతనికిచ్చాం. ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే ఫోన్‌పేలో డబ్బు పడేది, ఇంత బుద్ధిమంతుడు దొరకడం మా అదృష్టం అనుకున్నాం. ఒకసారి మోటారు రిపేరుందని వెళ్తే, తలుపు తీసినావిడ "ఎవరు కావాలండీ?" అని అమ్మనే అడిగింది. వాళ్ళు ఐదు లక్షలు ఇచ్చి లీజుకి తీసుకున్నారట. రెండేళ్ళ తర్వాత డబ్బు మొత్తం వెనక్కి, అప్పటిదాకా అద్దె లేదు, అదీ ఒప్పందం.

కిటుకు ఏంటంటే, వాడు ఆ ఐదు లక్షల్లోంచే మాకు నెలనెలా అద్దె వేస్తున్నాడు. అద్దె ఆగితే ఓనర్ ఇంటికొస్తాడు, అందుకే ఆపడు. కొన్నాళ్ళకి ఫోన్ స్విచాఫ్.

ఆవిడ తెచ్చి చూపించిన అగ్రిమెంట్‌లో అమ్మ సంతకం ఇంగ్లీషులో ఉంది. మా అమ్మ పుట్టి బుద్ధెరిగి ఇంగ్లీషులో సంతకం పెట్టలేదు. స్టాంప్ పేపర్ వెనక చూస్తే కొన్నవాడి పేరు, తేదీ, అమ్మిన వెండర్ ముద్ర ఉన్నాయి, కొన్నది మా కిరాయిదారే. మీరూ పేపర్‌ ముందు పేజీ ఒక్కటే ఫొటో తీసుకుని వచ్చేయకండి, వెనక పేజీ కూడా తీసుకోండి, వెండర్ రిజిస్టర్‌లో ఆ ఎంట్రీని పోలీసులు చూస్తారు.

ఇలాంటప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళ మీద అరవకండి, వాళ్ళు మనకంటే ఎక్కువ పోగొట్టుకున్నారు. సామాను బయట పడేయడం, కరెంటు పీకడం, నీళ్ళు ఆపడం అస్సలు వద్దు, కేసు మన మీదికే తిరుగుతుంది. వాళ్ళతో కలిసి వెళ్ళి, డబ్బు పోయినందుకు వాళ్ళొకటి, సంతకం ఫోర్జరీ చేసినందుకు మీరొకటి, రెండు కంప్లైంట్లు ఇవ్వండి. మళ్ళీ ఇలా కాకుండా ఉండాలంటే మూడు నెలలకోసారైనా ఇంటికి వెళ్ళి తలుపు కొట్టడమే, అంతకన్నా మంచి మార్గం నాకు కనిపించలేదు.

ఇల్లు చూడకుండానే అడ్వాన్స్ పంపుతానంటున్నాడు

ఆన్‌లైన్‌లో టులెట్ పెట్టిన గంటలో ఫోన్. ఆర్మీ ఆఫీసర్ని, ట్రాన్స్‌ఫర్ మీద వస్తున్నా, ఇల్లు ఫొటోలో చూశా చాలు అంటాడు, వాట్సాప్‌లో ఐడీ కార్డు కూడా పంపిస్తాడు. తర్వాత "ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి, అడ్వాన్స్ మీ ఖాతాలో పడుతుంది." డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, పిన్ కొట్టారంటే డబ్బు పోతుంది. పోయిందా, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టి, బ్యాంకుకి చెప్పండి. డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపగలిగితేనే ఆశ ఉంటుంది.

కాగితాలన్నీ ఉన్నాయి, కానీ ఏదో తేడాగా ఉంది

కలర్ జిరాక్స్ ఆధార్‌ని నమ్మకండి. కార్డు మీది క్యూఆర్‌ని ఆధార్ యాప్‌తో అతని ముందే స్కాన్ చేయండి, కార్డు మీద ఒక పేరు, ఫోన్‌లో ఇంకో పేరు వస్తే మాటలు అక్కడితో ఆపేయండి. ఆఫీసు లెటర్ ఇస్తే దాని మీదున్న నంబర్‌కి కాకుండా ఆ కంపెనీ నంబర్ మీరే వెతుక్కుని చేయండి. పాత ఓనర్‌తో మాట్లాడిస్తా అంటే, ఆ ఓనర్‌ని ఇంటి గురించి రెండు ప్రశ్నలు అడగండి, ఎన్నో అంతస్తు, మీటర్ ఎవరి పేరున అని. ఫ్రెండ్‌ని ఓనర్ చేసినవాడు అక్కడ తడబడతాడు.

మీ డోర్ నంబర్‌కి ఎవరిదో కంపెనీ పేరుతో ఉత్తరాలు వస్తున్నాయి

దీన్ని పోస్టుమన్ పొరపాటు అనుకుని వదిలేస్తారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి అద్దె అగ్రిమెంట్, ఓనర్ పేరున కరెంటు బిల్లో ఇంటి పన్ను రసీదో చాలు, అవి కిరాయిదారు చేతికి దొరకడం ఎంతసేపు? అలా కాగితం మీదే ఉండే కంపెనీ పుట్టి, దొంగ బిల్లులు రాసుకుంటుంది, అధికారులు వచ్చి నిలబడేది మీ గేటు ముందు. ఉత్తరం మీద జీఎస్టీ నంబర్ ఉంటే పోర్టల్‌లో కొట్టి చూడండి, అడ్రసు మీదే అయితే ఆ ప్రాంత జీఎస్టీ ఆఫీసుకి "ఇక్కడ ఏ వ్యాపారం లేదు, నేను అనుమతి ఇవ్వలేదు" అని రాసిచ్చి, ముద్ర వేసిన కాపీ తీసుకోండి. ఇకమీదట కరెంటు బిల్లు కాపీ ఎవరికిచ్చినా, ఎందుకిచ్చారో దాని మీద అడ్డంగా పెన్నుతో రాసివ్వండి.

దీనికి తమ్ముడి లాంటిది ఇంకోటుంది. ఏడాదికి లక్ష దాటిన అద్దెకి కిరాయిదారు ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపు) క్లెయిం చేస్తే ఓనర్ పాన్ ఇవ్వాలి. మీరు తీసుకున్నది నెలకి పన్నెండు వేలు, అతను ఆఫీసులో చూపించింది పాతిక. ఇన్‌కమ్‌ట్యాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్ (మీ పేరున నమోదైన ఆదాయాల, లావాదేవీల పట్టిక) తెరిస్తే మీకు రాని అద్దె కనిపించొచ్చు. అక్కడే ఫీడ్‌బ్యాక్‌లో ఆ సమాచారం సరికాదని పెట్టండి, బ్యాంక్ స్టేట్‌మెంట్ దగ్గరుంచుకోండి. అద్దె నగదుగా తీసుకున్నారా, మీ మాటకి ఆధారం ఉండదు.

కంప్లైంట్ రాసేటప్పుడు

అద్దె బాకీ గురించి ఒక్క వాక్యం కూడా పెట్టకండి. ఏ కాగితం దొంగది, దాన్ని ఎవరికి చూపించాడు, ఎంత తీసుకున్నాడు, తేదీలతో రాయండి. భారతీయ న్యాయ సంహితలో మోసం 318, ఫోర్జరీ 336, దొంగ కాగితాన్ని అసలుదిగా వాడటం 340. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం, అడిగి తీసుకోండి. స్టేషన్‌లో తీసుకోకపోతే డీసీపీకో ఎస్పీకో పోస్టులో పంపండి, అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళొచ్చు. ఖాళీ చేయించడం మాత్రం పోలీసుల పని కాదు, దానికి లాయర్ నోటీసు, కోర్టు, వేరే దారి.

మా కేసు ఇంకా నడుస్తోంది. ఆ కుటుంబం ఇప్పటికీ పై పోర్షన్‌లోనే ఉంది, ఈసారి అగ్రిమెంట్ నేరుగా వాళ్ళతో రాసుకున్నాం, సంతకం అమ్మ వాళ్ళ ముందే తెలుగులో పెట్టింది.