కోడి కాళ్ల నుంచి కొల్లాజెన్ ఎలా తీయాలి

చికెన్ ప్రాసెసింగ్‌లో మిగిలిపోయే వాటిలో కొల్లాజెన్ (చర్మాన్ని, ఎముకల్ని పట్టి ఉంచే ప్రొటీన్) కోసం మొదట తీసుకోవాల్సింది కాళ్లే, ఎందుకంటే స్కిన్‌లో కొవ్వు ఎక్కువ, అది వదిలించడానికే సగం ఓపిక అయిపోతుంది, ఎముకలైతే ముందు యాసిడ్‌తోనో ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టేసే రసాయనం)తోనో కాల్షియం తీయాలి. రొమ్ము ఎముకకి మెత్తగా ఉండే మృదులాస్థిలో టైప్ 2 రకం కొల్లాజెన్ ఉంటుంది, కాళ్లలో ఎక్కువగా టైప్ 1, వాటిని కలిపేయొద్దు.

ఇంకోటి, మీకు కావాల్సింది నీళ్లలో కలుపుకుని తాగే పౌడరే అయితే ఈ తంటా అంతా అక్కర్లేదు, అది ఎలాగూ ఎంజైమ్‌తో ముక్కలు చేసిన పెప్టైడ్లే (చిన్న ప్రొటీన్ తునకలే) కాబట్టి ఉడికించినా పర్లేదు. కొల్లాజెన్ అణువు మూడు పోగులు పురి పెట్టిన తాడులా ఉంటుంది, ఇక్కడ చెప్పేది ఆ పురి విడిపోకుండా తీయడం గురించి. వేడి తగిలితే ఆ పురి విడిపోయి జెలటిన్ అయిపోతుంది, అందుకే మొదటి నుంచి చివరి దాకా 4 డిగ్రీల దగ్గరే ఉంచాలి. మిక్సీలో వేసేటప్పుడు కూడా ఐస్ వేసి, ఆపి ఆపి తిప్పండి, బ్లేడు వేడి చాలామంది పట్టించుకోరు.

గోళ్లు, పైన పసుపు పొర, లోపలి ఎముకలు తీసేసి మిగతాది సన్నగా కొట్టుకోవాలి. దాన్ని బరువుకి 10 రెట్లు కాస్టిక్ సోడా ద్రావణంలో (లీటర్‌కి 4 గ్రాములు, సోడానే నీళ్లలో వేయాలి, గ్లవ్స్, కళ్లద్దాలు తప్పనిసరి) ఒక రోజు కలుపుతూ ఉంచి, మధ్యలో మారుస్తూ ఉంటే వేరే ప్రొటీన్లు పోతాయి. పీహెచ్ 7కి వచ్చేదాకా చల్లటి నీళ్లతో కడగండి. తర్వాత 10 శాతం బ్యూటైల్ ఆల్కహాల్‌లో ఒక రాత్రి ఉంచితే కొవ్వు దిగుతుంది, మళ్లీ కడగాలి.

ఇప్పుడు అసలు పని. 0.5 మోలార్ ఎసిటిక్ యాసిడ్, అంటే లీటర్‌కి గ్లేసియల్ యాసిడ్ దాదాపు 29 మి.లీ., ఇది కూడా 10 రెట్లు పోసి 2, 3 రోజులు నెమ్మదిగా కలపాలి. ముక్కలు ఉబ్బి అద్దంలా పారదర్శకంగా అయి, కలిపే రాడ్‌కి జిగురుగా పట్టుకుంటాయి, అలా కనిపిస్తే దారిలో ఉన్నట్టే. వయసు మళ్లిన కోళ్లలో క్రాస్‌లింకులు (పోగుల్ని ఒకదానికొకటి కట్టేసే బంధాలు) ఎక్కువ, ఉత్త యాసిడ్‌కి కొంచెమే వస్తుంది, అప్పుడు లీటర్‌కి 1 గ్రాము పెప్సిన్ (ప్రొటీన్లను కోసే ఎంజైమ్) వేయండి, అది పురిని వదిలేసి చివర్లు మాత్రమే కోస్తుంది, దిగుబడి బాగా పెరుగుతుంది.

వడకట్టి, పలచటి కాస్టిక్ సోడాతో పీహెచ్ 7.5 దాటిస్తే పెప్సిన్ ఆగిపోతుంది. తర్వాత ఉప్పు కొంచెం కొంచెంగా 2.6 మోలార్ దాకా, లీటర్‌కి సుమారు 152 గ్రాములు, ఒకేసారి గుమ్మరిస్తే ఉండలు కడుతుంది. తెల్లటి పోగులు విడిపోతాయి, సెంట్రిఫ్యూజ్ చేసి, మళ్లీ 0.5 మోలార్ యాసిడ్‌లో కరిగించి, డయాలసిస్ ట్యూబులో (ఉప్పును బయటికి వదిలి ప్రొటీన్‌ను లోపలే ఆపే పొర గొట్టం) ముందు 0.1 మోలార్ యాసిడ్‌లో, తర్వాత డిస్టిల్డ్ వాటర్‌లో ఉప్పు పోయేదాకా మార్చి మార్చి ఉంచి ఫ్రీజ్ డ్రై చేయడమే.

వచ్చింది సరైనదో కాదో జెల్ నడిపి (ప్రొటీన్లను సైజు ప్రకారం గీతలుగా విడదీసే ఎలక్ట్రోఫోరిసిస్) చూడండి. ఆల్ఫా 1, ఆల్ఫా 2 అనే విడి పోగుల గీతలు విడిగా, వాటి పైన రెండు పోగులు అతుక్కున్న బీటా కనిపించాలి, ఆల్ఫా 1 ముదురుగా ఉండాలి. కింద దాకా మరకలా పాకితే ముక్కలైపోయినట్టే, ఎక్కడో చలి తగ్గింది, లేదా తెచ్చిన కాళ్లే అప్పటికి పాడయ్యాయి.