వెండి పట్టీలు తోమే ముందు మరక రంగు చూడండి

వరలక్ష్మీ వ్రతం దగ్గరపడిందంటే మా ఇంట్లో చింతపండు నానేది. అమ్మ దాంట్లో ముగ్గుపిండి కలిపి పట్టీలను తళతళలాడేదాకా తోమేది. వాటి మీద మామిడి పిందెల డిజైను ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికి కంటికి ఆనేది కాదు, వేలితో తడిమితేనే తెలిసేది.

నల్లబడితే

అది మురికి కాదు. గాలిలోని గంధకం వాయువులు తగిలి వెండి పైపొరే సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. తోమిన ప్రతిసారీ ఆ నలుపుతో పాటు కాస్త వెండీ పోతుంది. అమ్మ పిందెలు పోయింది అలాగే. టూత్‌పేస్ట్ కూడా సన్నటి గీతలు పెడుతుంది.

తోమకుండా వదిలించే దారి ఉంది. బేసిన్‌లో అల్యూమినియం ఫాయిల్ పరిచి, వెండి దానికి తగిలేలా పెట్టండి. లీటరు వేడినీళ్లలో రెండు మూడు చెంచాల వంటసోడా కలిపి పోయండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే టెన్షన్ పడకండి, వెండిని పట్టుకున్న గంధకం వదులుతోందన్నమాట. వెండి వెండిగానే మిగులుతుంది. ఐదు పది నిమిషాలు చాలు.

ముత్యాలు, పగడాలు, అతికించిన రాళ్లు ఉన్నవి మాత్రం ఇందులో వేయొద్దు. సందుల్లో కావాలనే నలుపు పెట్టిన ఆక్సిడైజ్డ్ నగలూ వద్దు, బోసిపోతాయి. వాటికి మెత్తటి పొడిగుడ్డే.

ఆకుపచ్చ చిలుము పడితే

ఇది వెండిది కాదు, రాగిది. 925 ముద్ర అంటే వెయ్యి పాళ్లలో 925 వెండి, మిగతాది ఎక్కువగా రాగే. చెమట తగిలే చోట, అంటే కొక్కెం దగ్గర, మెట్టెల లోపలివైపు చూడండి. గోరువెచ్చని నీళ్లు, షాంపూ చుక్క, మెత్తటి పాత బ్రష్. అంతే.

తెల్లటి మచ్చలు

మా అనంతపురం వాళ్లకు చెప్పక్కర్లేదు, బోరునీళ్లు. బకెట్ అంచున కట్టే పొరే పట్టీల మీదా కడుతుంది. కడిగి అలాగే ఆరబెట్టకండి, వెంటనే తుడవండి. పడిపోయిన మచ్చలను నిమ్మరసంలో ముంచిన దూదితో ఒక్క నిమిషం తుడిచి, క్యాన్ నీళ్లతో కడగండి. ముత్యాలకు, పగడాలకు నిమ్మరసం తగలనివ్వొద్దు.

మువ్వలు మోగకపోతే

లోపల సబ్బు, దుమ్ము గట్టిపడి ఉంటాయి. వేడినీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లలోనే ఆడించండి. పిన్నుతో కెలికారో, చీలిక తెరుచుకుని లోపలి గింజ రాలిపోతుంది. నేనలా ఒకటి పోగొట్టాను.

అంచుల్లో ఎర్రగా తేలితే

వెండిపూత పోయింది. మళ్లీ పూత వేయించడమే, ఇంట్లో చేసేదేం లేదు.

కడిగిన నెలకే మళ్లీ నల్లబడితే

నగను కాదు, దాచిన చోటును అనుమానించండి. మా ఇంట్లో ఆ దొంగ ఎవరంటే, రబ్బరు బ్యాండు. రబ్బరు గట్టిపడడానికి గంధకం కలుపుతారు. జత విడిపోకూడదని పట్టీలకు చుట్టి పెట్టాను. తీసి చూస్తే బ్యాండు ఉన్నంత మేర నల్లటి చార, మిగతాదంతా తెల్లగానే ఉంది. ఇప్పుడు నూలుదారంతో కట్టి, జిప్ కవర్‌లో గాలి నొక్కేసి పెడుతున్నా.