చీలమండకు వ్యాయామం చేయించే యంత్రాన్ని రూపొందించడం ఎలా?

సామగ్రి కోసం ఎక్కువ తిరగనక్కరలేదు. 12 వోల్టుల లీనియర్ యాక్చుయేటర్ (కడ్డీని ముందుకూ వెనక్కూ నెట్టే మోటారు), దానికి కరెంటు అందించే మోటార్ డ్రైవర్, ఒత్తిడిని కొలిచే లోడ్ సెల్, వీటన్నిటినీ నడిపే మైక్రోకంట్రోలర్ బోర్డు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో దొరుకుతాయి. బేరింగులు రాణిగంజ్‌లో కొని, 6 మిల్లీమీటర్ల అల్యూమినియం పలకలను బాలానగర్‌లో కోయించుకోవాలి. చెక్కతో మాత్రం చేయకూడదు. పాదాన్ని కదిపే లివర్ 10 సెంటీమీటర్లు ఉంటే, పైకి 15, కిందికి 35 డిగ్రీల కదలికకు యాక్చుయేటర్ సుమారు 8.5 సెంటీమీటర్లు సాగాలి కనుక 10 సెంటీమీటర్ల స్ట్రోక్ (కడ్డీ సాగే దూరం) సరిపోతుంది.

యాక్చుయేటర్ వేగం సెకనుకు 10 మిల్లీమీటర్లు దాటనివ్వకూడదు, అంటే పాదం సెకనుకు దాదాపు ఆరు డిగ్రీలు తిరుగుతుంది. పక్షవాతం తరువాత బిగుసుకున్న పిక్క కండరం నెమ్మదిగా సాగదీస్తే లొంగుతుంది, వేగంగా లాగితే ఎదురు తిరుగుతుంది. సర్వో మోటారును నేరుగా కీలుకు బిగించేవారున్నారు. అలా కరెంటు పోగానే పాదాన్ని వదిలేసే అమరిక రోగికి పనికిరాదు.

ఇక అందరూ చెడగొట్టేది పాదం ఉంచే పలక తిరిగే ఇరుసు స్థానం. బిగించడం సులువని ఇరుసును పాదం పలక కిందే పెట్టేస్తారు. పెద్దవారిలో చీలమండ కీలు అరికాలికి సుమారు 8 సెంటీమీటర్ల పైన ఉంటుంది. కింద పెట్టిన ఇరుసు 20 డిగ్రీలు తిరిగితే కీలు దాదాపు 2.7 సెంటీమీటర్లు ముందుకో వెనక్కో జరగాలి. పిక్కను పట్టీతో కట్టేశారు కనుక అది జరగలేక, మడమ పలక మీద రాసుకుంటూ జారుతుంది. తెర మీద 20 డిగ్రీలు కనబడుతున్నా కీలు అంత తిరగదు. ఒక విద్యార్థి బృందం తెచ్చిన అలాంటి యంత్రంలో నా పాదమే పెట్టి చూస్తే, పది నిమిషాలకు మడమ వెనుక చర్మం ఎర్రగా కమిలింది. వారు పట్టీ ఇంకాస్త బిగించమన్నారు.

చీలమండకు రెండు వైపులా ఉన్న ఎముక గుబ్బల కొనలకు కాస్త కింద స్కెచ్ పెన్నుతో చుక్కలు పెట్టాలి. బయటి చుక్క లోపలిదానికన్నా కిందికీ వెనక్కీ ఉంటుంది, అది మీ తప్పు కాదు, కీలు నిర్మాణమే అంత. ఇరుసు ఆ చుక్కలకు ఎదురుగా వచ్చేలా, రెండు సెంటీమీటర్లు సర్దుకోగల గాడులు పెట్టుకోవాలి. యాక్చుయేటర్ తగిలించకముందే, మడమ అంచున పలక మీద గీత గీసి, పాదాన్ని చేత్తో మొత్తం తిప్పి చూడాలి. మడమ గీతను 3 మిల్లీమీటర్లకు మించి దాటితే మళ్లీ సర్దాలి. మోకాలు వంపు ప్రతిసారీ ఒకటే ఉండాలి, ఎందుకంటే మోకాలు చాస్తే పిక్క బిగిసి పాదం పైకి తక్కువ వస్తుంది.

కోణం హద్దులను ఫిజియోథెరపిస్ట్ చెప్పినట్లే పెట్టి, ప్రోగ్రాముతో పాటు ఇనుప బోల్టులతోనూ అడ్డుకట్ట వేయాలి. లోడ్ సెల్ ఒత్తిడి హద్దు దాటగానే మోటారు ఆగాలి, ఆపే స్విచ్ రోగి చేతిలోనే ఉండాలి. స్క్రూతో నడిచే ఈ యాక్చుయేటర్ ఆగినచోటే బిగుసుకుపోతుంది కనుక, కరెంటు పోయినప్పుడు ఒక్క చేత్తో లాగితే లివర్ విడిపోయే పిన్ను పెట్టి, ముందు మీ పాదాన్ని బిగించుకుని అది బరువు కింద కూడా ఊడివస్తుందో లేదో చూసుకోవాలి.