పెన్నకు నీళ్లు రాకముందే అటకెక్కించాల్సినవి

2021 నవంబర్‌లో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయినప్పుడు నెల్లూరు దగ్గరి కోవూరు పక్కన మా ఇంట్లో తిండికి కరువేమీ లేదు. బియ్యం మూట ఉంది, కందిబేడలున్నాయి, పిల్లల కోసం తెచ్చిన నూడుల్స్ ప్యాకెట్లు పది దాకా ఉన్నాయి. లేనివి రెండే, పొయ్యి, మంచినీళ్లు. సిలిండర్ వంటింట్లో నీళ్ల మీద తేలుతోంది. నేను నూడుల్స్ ప్యాకెట్ చింపబోతుంటే మా అత్త, “ఏందిమే ఇది? ఉడకబెట్టేదానికి నీళ్లు యాడివి?” అంది. బయట మోకాళ్ల లోతు నీళ్లు, ఇంట్లో తాగడానికి చెంబెడు లేవు. ఆ రెండు రోజులూ మాకు ఆకలి తీర్చింది ఉప్మాకని దాచిన అటుకులు, ఒక డబ్బాలో మిగిలిన బెల్లం.

మన వైపు అసలు వానాకాలం అక్టోబర్‌లో మొదలవుతుంది. 2015లో ముంచిన వానలు నవంబర్‌వే. 2023లో మిచాంగ్ తుఫాను డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటేలోపు నెల్లూరును ముంచెత్తింది. కాబట్టి వరద రోజులకు తిండీ నీళ్లూ సర్దిపెట్టుకునే పని సెప్టెంబర్‌లోనే, ఎండలు ఉండగానే చేసుకోవాలి. తుఫాను హెచ్చరిక వచ్చాక అంగడికి పోతే పాలు, బ్రెడ్డు, కొవ్వొత్తుల కోసం క్యూ తప్ప ఇంకేమీ దొరకదు. అందులోనూ బ్రెడ్డు ఆ తేమకు మూడో రోజుకే బూజు పడుతుంది.

ముందుగా ఒక సంగతి తేల్చుకోండి. ఇల్లు వదిలి పోవాల్సి వస్తే చేత పట్టుకునే సంచి వేరు, దారులు తెగి నెల రోజులు ఇంట్లోనే ఉండాల్సి వస్తే కావాల్సిన నిల్వ వేరు. రెండూ కలిపేస్తే ఏదీ సరిగ్గా కుదరదు.

సంచిలోకి పోయే ప్రతి వస్తువునూ ఒకటే అడగండి: దీన్ని పొయ్యి వెలిగించకుండా, చీకట్లో, ఒక గ్లాసు నీళ్లతో తినగలమా? ఈ లెక్కన నూడుల్స్, రవ్వ, సేమ్యా పక్కకు పోతాయి. పలచటి అటుకులు, పుట్నాలు, వేయించిన శెనక్కాయలు, బెల్లం, ఖర్జూరం, బిస్కెట్లు నిలుస్తాయి. పుట్నాలు, బెల్లం కలిపి దంచిన పొడి గుప్పెడు తింటే పెద్దవాళ్లకైనా రెండు మూడు గంటలు ఆకలి ఆగుతుంది. పళ్లు లేని వాళ్లున్న ఇంట్లో శెనక్కాయలను కూడా పొడి కొట్టే పెట్టాలి. బొరుగులు అందరికీ ఇష్టమే గానీ చోటు ఎక్కువ తింటాయి, మూత తీసిన గంటకే మెత్తబడతాయి. కొన్ని చాలు.

ఊరగాయ జాడీ గురించి మా ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. ఆవకాయ లేని సంచి ఏం సంచి అని మా ఆయన. నిజమే, ఊరగాయ చెడదు. కానీ ఉప్పు తింటే దాహం, దాహానికి నీళ్లు, ఆ నీళ్లే కదా లేనిది! చిన్న సీసాతో రాజీ పడ్డాం. ఎండుచేపలదీ ఇదే కథ, పైగా వండాలి. సముద్రం ఒడ్డున కొత్తపట్నం, పాకల పక్క ఊళ్లలో అవి లేని ఇల్లుండదు. ఉంచుకోండి గానీ నిల్వలోనే, సంచిలో వద్దు.

షుగర్ మాత్రలు వేసుకునే వాళ్లు పస్తుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. వాళ్లకు పుట్నాలు ఎక్కువ పెట్టి, కళ్లు తిరిగితే నోట్లో వేసుకోవడానికి చక్కెర పొట్లం విడిగా ఉంచాలి. ఆరు నెలలు నిండని బిడ్డకు తల్లి పాలు చాలు. వరద రోజుల్లో శుభ్రంగా లేని నీళ్లతో డబ్బా పాలు కలపడం విరేచనాలను పిలిచినట్టే. ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు నాలుగు తప్పకుండా ఉండాలి.

నీళ్ల లెక్క మనిషికి రోజుకు మూడు నాలుగు లీటర్లు. నలుగురికి మూడు రోజులంటే రెండు ఇరవై లీటర్ల క్యాన్లకు తగ్గకుండా కావాలి. కానీ నిండు క్యాన్ ఇరవై కిలోల బరువు, నీళ్లు ఇంట్లోకి వచ్చాక దాన్ని ఎవరు పైకెత్తుతారు? సగం నీళ్లు రెండు లీటర్ల సీసాల్లో పట్టి ముందే మేడ మీదకో అటక మీదకో చేర్చండి. కరెంటు పోతే బోరు మోటరు కూడా పోతుందని మరవొద్దు.

సర్దేటప్పుడు ఏ రోజు తిండి ఆ రోజుకు విడి కవర్లో కట్టి, అన్నీ మూత గట్టిగా పట్టే బకెట్టులో పెట్టండి. ఒకే పెద్ద ప్యాకెట్ అయితే తెరిచిన రోజే తేమ పట్టి మొత్తం పోతుంది. బకెట్టు పక్కన కిరోసిన్, దోమల మందు ఉండకూడదు. అటుకులు ఆ వాసన ఇట్టే పట్టేస్తాయి.

ఇక నెల రోజుల నిల్వ. తెల్లబియ్యం పొడిగా ఉంచితే ఏడాది పైనే నిలుస్తుంది. దంపుడు బియ్యం తవుడులో నూనె ఉంటుంది కాబట్టి కొన్ని నెలలకే ముక్కిపోతుంది. రాగులు గింజలుగా ఏళ్లు నిలుస్తాయి, పిండి పట్టిస్తే నెలా రెండు నెలల్లో వాడేయాలి. పప్పుల్లో కందిబేడల కంటే పెసరపప్పుకు నా ఓటు. గ్యాస్ అడుగంటినప్పుడు త్వరగా ఉడికేదే మేలు. శెనక్కాయలకు బూజు కనబడితే కడిగి వేయించి తినకండి, పారేయండి. ఆ బూజు విషం వేయించినా పోదు.

పురుగు బయట నుంచి వస్తుందనుకుంటాం గానీ చాలాసార్లు దాని గుడ్లు గింజ లోపలే మన ఇంటికి వస్తాయి. చిన్న మూట అయితే నాలుగు రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, తీశాక తేమ ఆరనిచ్చి డబ్బాలో పోయండి. వేపాకు వేస్తే బాగా ఎండినదే వేయాలి, పచ్చి ఆకు తేమ తెస్తుంది. గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మాత్రం ఇంట్లో బియ్యంలో ఎప్పుడూ పెట్టొద్దు. తేమ తగిలితే వాటి నుంచి వచ్చే గ్యాస్ పురుగునే కాదు, ఆ ఇంట్లో పడుకున్న మనుషులనూ చంపుతుంది. ఎవరో ఇచ్చారని, తక్కువ ధర అని మోసపోకండి.

వరద నీళ్లు తగిలిన తిండి సంగతి అన్నిటికంటే కష్టం. మూట బియ్యం పారేయడానికి ఏ ఆడమనిషికీ మనసొప్పదు. మా అత్త తడిసిన బియ్యం ఎండబెడతానని రెండు రోజులు పట్టుబట్టింది. మరుగుదొడ్ల నీళ్లు, పొలాల్లో కొట్టిన మందు, రొయ్యల చెరువుల మురికి అన్నీ కలిసి వచ్చిన నీళ్లవి. కడిగినా ఎండబెట్టినా బియ్యంలోంచి అవి పోవు. ప్లాస్టిక్ ప్యాకెట్లు, మరతిప్పే మూత సీసాలు కూడా నమ్మొద్దు. కరెంటు పోయి నాలుగు గంటలు దాటితే ఫ్రిజ్‌లోని పాలు, కూరలు, మాంసం కూడా అంతే.

సెప్టెంబర్‌లో ఒక ఆదివారం స్టవ్ వెలిగించకుండా ఆ సంచి మీదే గడిపి చూడండి. పోయినేడు మా ఇంట్లో బెల్లం దిమ్మ రాయిలా బిగుసుకుని బయటపడింది. పగలగొట్టే రోకలేమో కింద వంటింట్లోనే ఉంది. ఇప్పుడు బెల్లాన్ని ముందే దంచి సీసాలో పోస్తున్నాం.