ఛారిటీ మారథాన్‌కి పేరిచ్చాక ప్రాక్టీస్ మధ్యలో వదిలేయకుండా ఉండాలంటే

పేరు నమోదు చేసుకున్న రోజు ఉన్న ఊపు ఆరేడు వారాలకు తగ్గిపోతుంది, దాదాపు అందరికీ ఇంతే. మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు, దానికి మామూలుగా 16 నుంచి 20 వారాల ప్రాక్టీస్ కావాలి. మొదటి నెల కొత్తదనంతో గడిచిపోతుంది, చివరి నెలలో రేసు దగ్గరపడిందన్న టెన్షనే మిమ్మల్ని పరిగెత్తిస్తుంది, చిక్కంతా మధ్య వారాల్లోనే. మానేసేవాళ్లలో ఎక్కువమంది అక్కడే మానేస్తారు, అందుకే ఆ వారాల కోసం ఇప్పుడే ఏర్పాట్లు చేసుకోండి.

మొట్టమొదట, పొద్దున్నే లేచాక "ఈరోజు వెళ్లాలా వద్దా" అని ఆలోచించే పరిస్థితి రానివ్వకండి. ఆ సమయంలో మనసు ఎప్పుడూ వద్దనే చెబుతుంది. ఏ వారం ఏ రోజు ఎంత దూరమో ముందే రాసిపెట్టుకుని, బట్టలు, షూ, నీళ్ల సీసా రాత్రే తీసి పెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. వారానికి మూడు నాలుగు పరుగులు చాలు, వాటిలో లాంగ్ రన్‌ను, అంటే ఆ వారంలో అన్నిటికన్నా ఎక్కువ దూరం పరిగెత్తేదాన్ని, మాత్రం వీలైనంతవరకు వదలకండి. అసలు కదలబుద్ధి కాని రోజున పది నిమిషాలు పరిగెత్తి చూసి, అప్పటికీ ఒళ్లు సహకరించకపోతే ఇంటికి వచ్చేయండి. చాలాసార్లు ఆ పది నిమిషాల తర్వాత వెనక్కి రావాలనిపించదు.

విసుగు రావడానికి అసలు కారణం చాలామందిలో బద్ధకం కాదు, వేగం. ప్రతిరోజూ రొప్పుతూ పరిగెత్తితే ఎవరికైనా పరుగు మీద భయం పుడుతుంది. పక్కన ఉన్నవాళ్లతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తండి, వారంలో ఎక్కువ దూరం అలాగే పోవాలి. ఇంకో సంగతి కూడా ఉంది: గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే అలవాటు పడతాయి, ఎముకలకు, కండరాలను ఎముకలకు పట్టి ఉంచే స్నాయువులకు నెలలు పడుతుంది, కాబట్టి "ఇప్పుడు బాగా పరిగెత్తగలుగుతున్నాను" అని ఒక్కసారిగా దూరం పెంచే దశలోనే దెబ్బలు తగులుతాయి. మూడు వారాలు కొద్దికొద్దిగా పెంచి నాలుగో వారం తగ్గించే పద్ధతి చాలామందికి సరిపోతుంది.

జ్వరం వచ్చో, పని ఒత్తిడి వల్లో కొన్ని పరుగులు తప్పిపోతాయి. వాటిని తర్వాతి వారంలో కూడబెట్టి తీర్చేయాలని చూడకండి, పోయింది పోయింది, ఈరోజుది చేయండి చాలు.

ఇక ఛారిటీ విషయం. మీకు దొరికే అతి పెద్ద బలం ఇదే, దీన్ని చాలామంది వాడుకోరు. "మంచి పనికోసం" అనే మాట తెల్లవారుజామున ఎవరినీ మంచం మీంచి లేపదు. మీరు ఏ సంస్థ కోసం పరిగెత్తుతున్నారో వాళ్లను అడిగి మీరు సేకరించే డబ్బుతో సరిగ్గా ఏం జరుగుతుందో, ఎవరికి అందుతుందో తెలుసుకోండి, వీలైతే అక్కడ పనిచేసేవాళ్లతో ఒకసారి మాట్లాడండి. కెనడాకు చెందిన టెర్రీ ఫాక్స్ కాన్సర్ వల్ల కాలు పోగొట్టుకుని, కాన్సర్ పరిశోధనకు డబ్బు కూడబెట్టడానికి 1980లో కృత్రిమ కాలితో 143 రోజులు పరిగెత్తాడు, రోజుకు దాదాపు ఒక మారథాన్. ఆసుపత్రిలో తన పక్కన బాధపడిన రోగులు ఆయనకు గుర్తున్నారు. మీ కారణం కూడా అంత స్పష్టంగా, మనుషుల ముఖాలతో ఉండాలి.

విరాళాలు అడగడం మొదటి వారాల్లోనే మొదలుపెట్టండి, చివరికి వదిలేస్తే పరుగు టెన్షన్‌కి డబ్బు టెన్షన్ తోడవుతుంది. ఇచ్చినవాళ్లకు ప్రతి లాంగ్ రన్ తర్వాత రెండు వాక్యాలు పంపండి: ఈ వారం 18 కిలోమీటర్లు అయ్యాయి, ఇంత డబ్బు పోగయింది అని. నా దృష్టిలో ఏ యాప్ కన్నా ఇది బాగా పనిచేస్తుంది, ఎందుకంటే వచ్చే ఆదివారం మీ కబురు కోసం నిజంగా ఎదురుచూసేవాళ్లు ఉంటారు.

అయితే విరాళం ఇచ్చినవాళ్లకు మాటిచ్చామన్న ఆలోచన మిమ్మల్ని గాయంతో పరిగెత్తించకూడదు. ఒళ్లంతా బరువుగా ఉండటం అలసట, ఎముక మీద ఒకేచోట నొప్పి, కుంటాల్సి రావడం, పరిగెత్తేకొద్దీ నొప్పి పెరగడం అలసట కావు. వెంటనే ఆపి డాక్టర్‌కి చూపించుకోండి. ఇచ్చినవాళ్లు ఆ పనికోసం ఇచ్చారు, మీ మోకాలు పాడుచేసుకోమని కాదు. కొన్ని సంస్థలు మీరు పరిగెత్తలేకపోయినా సేకరిస్తానని ఒప్పుకున్న మొత్తం అడుగుతాయి, కాబట్టి సంతకం పెట్టేముందే షరతులు చదివి, ఇబ్బంది వస్తే దాచకుండా వాళ్లకు త్వరగా చెప్పండి.

చివరి రెండు మూడు వారాల్లో దూరం బాగా తగ్గిస్తారు. కాళ్లు బరువెక్కినట్టు, ప్రాక్టీస్ అంతా వృథా అయినట్టు అనిపిస్తుంది, కంగారుపడి అదనంగా పరిగెత్తకండి. మిగిలిన ఆ సమయంలో ఇంకా ఇవ్వనివాళ్లకు ఒకసారి గుర్తుచేయండి, రేసు అయ్యాక విరాళాలు ఎన్నాళ్లవరకు తీసుకుంటారో సంస్థను అడిగి పెట్టుకోండి, ఎందుకంటే మీరు పరుగు పూర్తిచేసిన ఫోటో చూశాకే ఇచ్చేవాళ్లు కొందరు ఉంటారు.