ఏ గొంతు తరాలు దాటుతుందో ఇలా చూడండి

ముందు వాద్యాలన్నీ పక్కన పెట్టేయండి. లలిత సంగీతం నేర్చుకోవడానికి వచ్చే పిల్లలతో నేను మొదట చేయించేది ఇదే. నచ్చిన పాట ఏదైనా సరే, శ్రుతిపెట్టె ఒక్కటే పెట్టుకుని పల్లవి, ఒక చరణం పాడమంటాను. ఈమధ్య పాటలు చాలావరకు చరణం దగ్గరే ఆగిపోతాయి. పిల్లలకు గుర్తున్నది దరువే గాని పాట కాదు. ఘంటసాల, పి.లీల పాడిన ‘లాహిరి లాహిరి లాహిరిలో’ 1957 నాటిది. మోహన రాగం, హాయిగా సాగే నడక. ఏ వాద్యమూ లేకుండా ఇప్పటి పిల్లలు కూడా పాడేస్తారు.

తర్వాత, ఆ పాటకు ఇంట్లో ఏదైనా పని ఉందేమో చూడండి. నా లెక్కలో అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇది. ఎమ్మెస్ రామారావు తొలితరం నేపథ్య గాయకుడు. ఆయన సినిమా పాటలు చెప్పమంటే ఇప్పుడు చెప్పగలిగేవాళ్లు అరుదు. ఆయన సుందరకాండ మాత్రం పెద్దవాళ్లున్న ఇళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంటుంది. ఘంటసాల చివరి ఏళ్లలో పాడిన భగవద్గీతదీ అదే బలం. దాన్ని చావు ఇంటికే పరిమితం చేసేశామని నాకు బాధ. బతికున్నవాళ్లు నిదానంగా కూర్చుని వినాల్సిన గొంతు అది.

పాట మిగిలిందని పాడినవాళ్లు కూడా మిగిలారనుకోకండి. ‘వివాహ భోజనంబు’ అనగానే అందరికీ ఎస్వీ రంగారావే కళ్ల ముందు మెదులుతారు. పాడింది మాధవపెద్ది సత్యం అని ఎంతమందికి తెలుసు? తెరమీది బొమ్మ అంత బలంగా ఉంటే గొంతు వెనక్కి పోతుంది. అందుకే కళ్లు మూసుకుని వినండి. రెండు మూడు మాటల్లోనే ఇది జానకి, ఇది సుశీల అని పట్టేయగలగాలి. శ్రుతి దిద్దే సాఫ్ట్‌వేర్ నునుపు చేసి వదిలిన గొంతుల్లో ఆ ఆనవాలే ఉండదు. అలాంటివి నిలవడం కష్టమని నా గట్టి నమ్మకం.

ఇక, ఆ పాటల్ని కిందితరానికి చేరవేసేవాళ్లు ఉన్నారా? 1996లో ఈటీవీలో ‘పాడుతా తీయగా’ మొదలైంది. తాను వేల పాటలు పాడి కూడా బాలు ఆ వేదికమీద పిల్లలచేత ఘంటసాల పాటలు పాడించారు. ఏ అక్షరం ఎక్కడ ఒత్తాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో విడమరిచి చెప్పారు. అలా నేర్పినందుకే ఆయన పాటలూ ఆ పిల్లల నోళ్లలో నాటుకుపోయాయి.

కొత్త గాయకుల విషయంలో మొదటి ఏడాది వచ్చే వ్యూస్ చూసి తీర్పు చెప్పకండి. అయిదారేళ్లు ఆగండి. ఆ తర్వాత ఇంట్లో బామ్మకు, అమ్మకు, మనవరాలికి విడివిడిగా పల్లవిలో మొదటి మాట అందించి ఊరుకోండి. పాట వినిపించొద్దు. ముగ్గురూ అందుకుంటే, మనవరాలిని ఇంకొక్కటి అడగండి: ఎవరి దగ్గర నేర్చుకున్నావని. ఫోన్ అంటే ఇంకా ఆగి చూడాలి. బామ్మ అంటే ఆ పాటకు ఇక ఢోకా లేదు.