ఆదివారం సాయంత్రం ఐదు బొమ్మలు

నేను విశాఖపట్నం అల్లిపురంలో శుభలేఖలు వేసే షాపులో డిజైన్లు చేస్తాను. వారమంతా ఫోన్లో కంటపడ్డవాటిలో బాగా నచ్చిన ఐదు బొమ్మల్ని ఆదివారం సాయంత్రం ఏడింటికి మా గ్రూపులో పెట్టడం మూడేళ్లుగా అలవాటు. పెద్ద గ్రూపేం కాదు, పదకొండు మందిమి. నాతో చదివినవాళ్లు ఇద్దరు, మర్రిపాలెంలో మగ్గం వర్కు చేసే మా పిన్ని, ఫ్లెక్సులు రాకముందు షాపులకి బోర్డులు రాసిన మా పెద్ద మావయ్య, ఇలా. ఇదంతా ఎలా ఏరతావని కొత్తగా చేరిన అమ్మాయి అడిగింది. అందుకే రాస్తున్నాను.

ముందుగా, స్క్రీన్‌షాట్లు మానేయండి. నా పాత ఫోన్లో రెండు వేలకి పైగా ఉండేవి. ఒక్కటీ ఎక్కడిదో తెలీదు, ఎందుకు తీశానో అసలే గుర్తులేదు. ఇప్పుడు బొమ్మ నచ్చితే లింకు కాపీ చేసి, ఆ వారం తేదీతో ఉన్న నోటులో పెట్టి, కింద నాలుగు ముక్కలు రాస్తాను. 'ఆకుపచ్చ పక్కన ఇటుక రంగు', 'అక్షరాల మధ్య ఖాళీ', అంతే. ఆ నాలుగు ముక్కలు అప్పుడే రాయాలి. రాత్రి రాద్దాంలే అనుకుంటే ఇక రాయం.

ఎక్కడ వెతకాలి? పింటరెస్ట్ తెరిస్తే అందరికీ ఒకే మామిడాకు తోరణం చూపిస్తుంది. నేను మ్యూజియం సైట్లలోకి పోతాను. న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియం 2017లో 3,75,000 బొమ్మల్ని ఎవరైనా దేనికైనా ఉచితంగా వాడుకోవచ్చని వదిలేసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం సైట్లో జూమ్ చేస్తే కుంచె గీతలు కూడా లెక్కపెట్టుకోవచ్చు. కాకపోతే అక్కడ మన పేర్లు మనం రాసినట్టు ఉండవు. కలంకారీ అని కొడితే వచ్చేవి కొన్నే, 'కోరమండల్ కోస్ట్' అని కొట్టండి, మన తీరం నుంచి ఓడలెక్కిపోయిన అద్దకం గుడ్డలన్నీ బయటికొస్తాయి. భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు చూసినవాళ్లకి ఆ గుడ్డలు అంతదూరం ఎలా చేరాయో వేరే చెప్పక్కర్లేదు.

మన ఊరిని కూడా తెల్లవాళ్ల కాలంనాటి స్పెల్లింగుతో, 'విజగపటం' (Vizagapatam) అని వెతకాలి. నేనైతే ఆ రాత్రి రెండింటిదాకా పడుకోలేదు. 18వ శతాబ్దంలో ఇక్కడి వడ్రంగులు చేసిన పెట్టెలు, కుర్చీలు, అద్దాల బల్లలు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. చెక్క మీద ఏనుగు దంతం తాపడం చేసి, దాని మీద తీగలూ పూలూ చెక్కి, ఆ గీతల్లో నల్ల లక్క నింపారు. ఏటికొప్పాక బొమ్మల మీద లక్క రంగులు చూస్తూ పెరిగాను గానీ, లక్కతో ఇంత సన్నటి గీత కూడా వస్తుందని నాకు తెలీదు. ఏనుగులు గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది, అది వేరే సంగతి.

ఫాంట్లు కూడా బొమ్మలే. గూగుల్ ఫాంట్స్‌లో గిడుగు, గురజాడ, మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. నచ్చిన ఫాంటుని గ్రూపులో పెట్టేముందు 'లక్ష్మీ', 'స్త్రీ' అని పైనా కిందా రెండు లైన్లు టైపు చేయండి. వత్తు కిందికి దిగి రెండో లైను గుడిని గుద్దుకుంటుందేమో అప్పుడే తెలుస్తుంది.

ఇక జాగ్రత్త. ఒకసారి 'పాత వైజాగ్ బీచ్' అని ఒక బ్లాక్ అండ్ వైట్ ఫోటో పెట్టాను. దూరంగా డాల్ఫిన్స్ నోస్ కొండ, ముందు ఇసుక, పడవ. అందరూ లవ్ సింబల్స్ పెట్టారు. మావయ్య మాత్రం, "ఏటమ్మా, సముద్రం కుడిపక్కకెప్పుడొచ్చింది?" అన్నాడు. నిజమే, బీచ్ రోడ్డు మీంచి ఆ కొండకేసి చూస్తే సముద్రం ఎడమవైపే ఉంటుంది. ఎవరో ఫోటోని అద్దంలోలా తిప్పేసి తమదని పెట్టుకున్నారు. అప్పట్నుంచి ప్రతి బొమ్మనీ గూగుల్ లెన్స్‌లో వేసి, దొరికినవాటిలో అన్నిటికంటే పాతది తెరిచి చూస్తున్నాను. బోర్డు మీద అక్షరాలు, చీర పైట, చేతి గడియారం, వీటిని చూస్తే తిప్పిన ఫోటో దొరికిపోతుంది. ఏఐతో చేసిన బొమ్మేమో, వేళ్లు ఆరున్నాయా అని కూడా చూడాల్సిన రోజులివి. బతికున్న ఆర్టిస్టు గీసిందైతే బొమ్మ దించను, వాళ్ల పేజీ లింకే ఇస్తాను.

శనివారం రాత్రికి నోటులో ముప్పై, నలభై పోగవుతాయి. ఫోన్ని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, బొమ్మని తపాలా బిళ్లంత చేసి చూస్తాను. అప్పుడు కూడా నిలబడేవి పది ఉంటాయి. ఒకే రకానివి తీసేస్తే ఐదు. ఆరోదాని మీద జాలి పడకండి, వచ్చే వారం కూడా నచ్చితే అప్పుడు చూద్దాం.

అన్నిటికంటే టైం పట్టేది కింద రాసే మాట. లండన్ మ్యూజియంలోని ఆ దంతం పెట్టెల్లో ఒకదానికి మొదట 'సూపర్ వర్క్' అని రాశాను. దాన్ని చదివి ఎవరేం చేసుకుంటారు? కొట్టేసి ఇలా రాశాను: 'మన విశాఖలో చేసిన పెట్టె, దంతం మీద లక్క గీత. మూల దగ్గర తీగ తెగకుండా ఎలా మలుపు తిరిగిందో చూడండి. మన కార్డుల్లో అక్కడ ఒక పువ్వు అతికించి తప్పించుకుంటాం.' ఏం చూడాలో వేలు పెట్టి చూపిస్తేనే జనం జూమ్ చేస్తారు.

ఫోటోగా పంపితే వాట్సాప్ దాన్ని నలిపేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. ఐదూ ఒక్కసారే వేయకుండా రెండు మూడు నిమిషాల తేడాతో వేస్తే ఒక్కోదాని కింద మాటలు విడివిడిగా నడుస్తాయి.

ఆ మూల మలుపుని పిన్ని ఒక పెళ్లికూతురి బ్లౌజు మెడకి దించింది. కుట్టు ఫోటో పంపితే మావయ్య జూమ్ చేసి చూసి, కుడివైపు ఒక ఆకు తక్కువైందన్నాడు. పిన్ని ఇప్పటికీ జవాబివ్వలేదు.